మా ఆల్విన్ వింటేజ్ కాదట!

“ఇది వింటేజ్ కాదు సర్, ఓల్డ్.”

అద్దాల బల్ల వెనక కూర్చున్న కుర్రాడు ఈ మాట కటువుగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. నాకంటే ముందు వచ్చినాయన స్విస్ వాచీ చూసేటప్పుడు చేతులకు తెల్లటి నూలు గ్లౌజులు తొడుక్కుని ఉన్నాడు. నేను జేబురుమాలు మడత విప్పి నా ఆల్విన్ వాచీని బల్ల మీద పెట్టగానే వాటిని విప్పి పక్కన పెట్టి, వట్టి చేత్తో తీసుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకోనైనా లేదు. “సెంటిమెంట్ కింద దాచుకోండి సర్” అని సలహా ఇచ్చి తిరిగి నా చేతిలో పెట్టేశాడు.

నేను అమ్మడానికి పోలేదు. ఆ సంగతి చెప్పే సందు కూడా దొరకలేదు. బోర్డు మీద వింటేజ్ వాచీలు అని పెద్దగా రాసుంది కదా, దీని పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే కాసేపు మాట్లాడుకుందామని పోయాను. మాటలు మాట్లాడటానికి పోయినవాణ్ణి ముష్టికి వచ్చినవాడిలా తిప్పి పంపితే ఎలా ఉంటుందో అలా ఉంది మెట్లు దిగుతుంటే.

ఈ వాచీ 1985లో నా చేతికొచ్చింది. పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయ్యానని మా మేనమామ పెట్టాడు. ఆయన సనత్‌నగర్‌లో ఆల్విన్‌లోనే, ఫ్రిజ్‌లు చేసే చోట పని చేసేవాడు. “మావోళ్ళు చేసిందిరా” అన్నాడు పెట్టెలోంచి తీసి. కంపెనీని ‘మావోళ్ళు’ అనడం ఆయనకు అలవాటు.

‘వింటేజ్’ అన్న మాట అసలు గడియారాల వాళ్ళది కాదు. ద్రాక్షతోటల్లోంచి వచ్చింది. ఏ ఏడు కోసిన పండుతో దించిన సారా అన్నది దాని లెక్క. మన తోటల వాళ్ళ నోట చెప్పించాలంటే ‘ఏ ఏటి కాపు?’ అనడమే. అంటే మొదట్లో ఆ మాటలో గొప్పా లేదు, తక్కువా లేదు. పుట్టిన ఏడు చెప్పుకోవడం ఒక్కటే ఉంది. మనకూ ఆ వివేకం లేకపోలేదు. మన వంటింట్లో ‘పాత’ ఎప్పుడూ తిట్టు కాదు. పాత బియ్యానికి కొత్త బియ్యం కంటే ధర ఎక్కువ. బాలింతకు పథ్యం పెట్టాలన్నా పాత బియ్యమే, పాత చింతపండే. మరి వాచీ దగ్గరికొచ్చేసరికి పాత అనే మాట నోట్లో చేదెందుకయిందో!

కార్ల వాళ్ళకు గీత స్పష్టంగా ఉంది. బ్రిటన్‌లో 1919 నుంచి 1930 దాకా తయారైనవే వింటేజ్ కార్లు. వాచీలకు అలాంటి శాసనమేదీ లేదు. పాతికేళ్ళు నిండితే వింటేజ్, నూరేళ్ళు నిండితే ఆంటిక్ అనేది వ్యాపారుల నోళ్ళలో నలిగే లెక్క. ఇంకొందరు క్వార్ట్జ్ రాకముందువే వింటేజ్ అంటారు. 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టింది. ధర 4,50,000 యెన్‌లు, ఆ రోజుల్లో ఓ చిన్న కారు ఖరీదు. ఆ తర్వాత పదిహేనేళ్ళలో కీ ఇచ్చే వాచీల బతుకు తారుమారైంది కాబట్టి అక్కడే గీత గీయాలని వాళ్ళ వాదన. మళ్ళీ ఈమధ్య ఎనభైల, తొంభైల వాచీల కోసం ‘నియో వింటేజ్’ అని ఒక కొత్త అర తెరిచారు. స్విస్ వాచీలు మిగిలిపోకూడదని తెరిచిన అర అది. ఏ లెక్కన చూసినా నా వాచీకి నలభై దాటాయి. వయసు చాల్లేదని ఎవరూ అనలేరు.

వయసొక్కటే చాలదన్నది నిజమే. అలాగైతే అటక మీది ప్రతి డబ్బా వింటేజే. పుట్టినప్పటి ఒళ్ళుతోనే ఉందా లేదా అన్నది రెండో పరీక్ష. డయల్ అదేనా, ముళ్ళు అవేనా, కీ మార్చారా, లోపల మెషిన్ దీనిదేనా, మెరుపు కోసం కేసు అంచులు అరగదీశారా? ఏళ్ళ తరబడి డయల్ మీదికి దిగిన పసుపును సేకరించేవాళ్ళు మురికి అనరు. దానికోసమే పైన డబ్బులిస్తారు. ఈ పరీక్షకూ నా ఆల్విన్ సిద్ధమే. ఒకప్పటి తెల్ల డయల్ ఇప్పుడు గంజి పెట్టిన పాత పంచె రంగుకొచ్చింది. ఆరు అంకె పక్కన కందిగింజంత గోధుమ మరక ఉంది. డిగ్రీలో ఉండగా వానలో సైకిల్ మీద తడిసిన నాటిది. స్ట్రాపులు మాత్రం ఎన్ని మార్చానో నాకే లెక్క లేదు. స్ట్రాపుకు ఈ పట్టింపు లేదు లెండి, అది కాలికి చెప్పులాంటిది.

ఈ రెండింటికీ మించిన పరీక్ష మరొకటుందని నా మనసుకు తోస్తుంది. అలాంటి వస్తువు మళ్ళీ పుట్టే దారి మూసుకుపోయిందా? ఇంకా నడుస్తున్న కంపెనీ యాభై ఏళ్ళ కింద చేసిన వాచీకి అన్నలూ తమ్ముళ్ళూ ఈరోజుకీ పుడుతూనే ఉన్నారు. మా ఆల్విన్‌కు ఎవరున్నారు?

నిజాం రోజుల్లో, 1942లో, ఆల్విన్ మెటల్ వర్క్స్‌గా మొదలైన కంపెనీ అది. తర్వాత హైదరాబాద్ ఆల్విన్ అయింది. ఇనుప బీరువాలు చేసింది, ఫ్రిజ్‌లు చేసింది, బస్సులకు ఒళ్ళు కట్టింది, పుష్పక్ అని స్కూటర్ కూడా దించింది. 1981లో సీకో సాంకేతిక సహకారంతో వాచీల్లోకి దిగింది. ప్రపంచానికి క్వార్ట్జ్ రుచి చూపించిన ఆ సీకోనే హైదరాబాదుకు వాచీ చేయడం నేర్పింది. పక్కన బెంగళూరులో హెచ్‌ఎంటీ అప్పటికే మహావృక్షం. అయినా ఓ దశాబ్దం పాటు తెలుగు ఊళ్ళల్లో ముంజేతుల మీద ఆల్విన్ కూడా కనిపించింది. ట్రెండీ అని కుర్రకారు కోసం వేరే పేరు పెట్టి అమ్మారు. తొంభైలు వచ్చేసరికి కంపెనీ ముక్కచెక్కలైంది. ఫ్రిజ్‌లు వోల్టాస్‌కు పోయాయి, జహీరాబాద్ వైపు ట్రక్కులు మహీంద్రాకు పోయాయి. మిగిలింది పేరు. ఇప్పుడు ఆల్విన్ అంటే మియాపూర్‌లో చౌరస్తా, కూకట్‌పల్లిలో కాలనీ. “ఆల్విన్, ఆల్విన్, దిగాలె” అని కండక్టర్ అరుస్తుంటే దిగేవాళ్ళలో ఎంతమందికి తెలుసు, అది ఒకప్పుడు చేతికి కట్టుకునే పేరని?

హెచ్‌ఎంటీ మీద నాకు ఈర్ష్య ఏమీ లేదు. మా బాపు చేతికి ఉన్నది హెచ్‌ఎంటీ జనతానే. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి మొదలై, రెండేళ్ళకు నెహ్రూ చేతుల మీదుగా బయటికొచ్చి, ఆ తర్వాత పది కోట్లకు పైగా వాచీలు చేసిన సంస్థ అది. పదిహేడు జ్యువెల్స్, సెకనుకు ఐదు టిక్కులు. లోపల నిజంగా పదిహేడు వజ్రాలుంటాయని మా ఊళ్ళో నమ్మినవాళ్ళున్నారు, అవి కృత్రిమంగా తయారుచేసిన కెంపులని తెలిశాక నొచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. పెళ్ళిలో కాంచన్ ఆటోమేటిక్ పెట్టలేదని అలక పాన్పు దిగని అల్లుళ్ళ కథలు ఇంటింటా దొరుకుతాయి. 2016లో వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం తీర్మానించింది. మూసేశాకే దాని విలువ తెలిసొచ్చింది జనానికి. ఉన్నన్నాళ్ళూ టైటన్ ముందు మొద్దు అన్నవాళ్ళే పైలట్ కావాలి, దేవనాగరి అంకెల జనత కావాలి అని వెతకడం మొదలుపెట్టారు. 2019లో బెంగళూరులో మ్యూజియం కూడా తెరిచారు. బాగుంది.

ఇంకో తమాషా చెప్పాలి. తెలంగాణలో ఏ కిరాణా కొట్టుకు పోయినా హెచ్‌ఎంటీ బియ్యం దొరుకుతాయి. ఆ వంగడాన్ని ఏరి తీసింది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే సన్నకారు రైతు. అప్పట్లో ఆ వాచీ మీద జనానికున్న మోజు చూసి, వ్యాపారులు ఆయన వడ్లకు ఆ పేరు పెట్టారు. వాచీల కంపెనీ మూతపడింది, బియ్యం మిగిలింది. రోజూ రెండు పూటలా దాని పేరు తింటున్నాం. మా ఆల్విన్‌కు ఆ పాటి అదృష్టం కూడా లేదు, చౌరస్తాను ఎవరు వండుకుంటారు?

బాపు జనత సంగతి చెప్పకుండా ఉండలేను. మా బాపు బడిపంతులు. 1974లో ఆయనకు బదిలీ అయితే తోటి టీచర్లు చందాలు వేసుకుని కొనిపెట్టిన వాచీ అది. వెనక మూత మీద ఊరి పేరు, బడి పేరు, సంవత్సరం చెక్కించారు. అక్షరాలు వంకర. ‘పాఠశాల’లో ‘ఠ’కు చుక్క మరిచిపోయారు. ఆ చుక్క లేని ‘ఠ’ను చూపించి మా బాపు తరగతిలో అక్షరదోషాల పాఠం చెప్పేవాడు. పొద్దున రేడియోలో వార్తల ముందు వచ్చే కూతలకు కీ లాగి పట్టుకుని, ఆఖరి కూతకు లోపలికి నొక్కేవాడు. మూడు ఊళ్ళ బళ్ళల్లో గంట ఆ వాచీని చూసే కొట్టారు.

బాపు పోయిన ఏడాది, సంవత్సరీకం నాటికి పెట్టుకుందామని ఆ వాచీని ఒక పెద్ద దుకాణంలో సర్వీసుకిచ్చాను. పేరు చెప్పను. వారం తర్వాత పోతే మఖమల్ సంచీలో పెట్టి ఇచ్చారు. తీసి చూస్తే నా గుండె ఆగింది. డయల్ మళ్ళీ పెయింట్ చేశారు, కోడిగుడ్డు పెంకులా తెల్లగా. ‘పారా షాక్’ అన్న అక్షరాలు లావుగా, కొంచెం ఒరిగి ఉన్నాయి. కేసుకు బఫింగ్ పెట్టారు. వెనక్కి తిప్పాను. ఊరు లేదు, బడి లేదు, 1974 లేదు. చుక్క లేని ‘ఠ’ లేదు. నా మొహం అందులో కనిపించేంత నున్నగా ఉంది మూత.

“కొత్తదానిలా చేశాం సార్. ఎక్స్‌ట్రా ఏం తీసుకోలేదు” అన్నాడు ఆయన సంతోషంగా. ఆయన్ను ఏమని తిట్టను? పాతదంటే సిగ్గు అని అందరం కలిసి నేర్పిన పాఠమే ఆయన అప్పజెప్పాడు. డబ్బులిచ్చి వచ్చేశాను.

దీని పక్కన మరొకటి పెట్టి చూడండి. 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో నటుడు పాల్ న్యూమన్ రోలెక్స్ డేటోనా వేలానికి వచ్చింది. కోటీ 77 లక్షల డాలర్లు దాటి పోయింది. ఆ రకం డయల్ కొత్తగా వచ్చినప్పుడు కొనేవాళ్ళు లేక దుకాణాల్లో మూలిగింది. ఆ వాచీ వెనక ఏముందనుకున్నారు? కారు జాగ్రత్తగా నడపమని ఆయన భార్య చెక్కించిన మాట. అక్కడ భార్య మాటకు అన్ని కోట్లు పలికింది. మా బాపు వాచీ వెనకున్న మాటను ఉచితంగా తుడిచి ఇచ్చారు. రెండూ ఒకటే అని నేననను, రోలెక్స్ రోలెక్సే. కానీ ఆ చెక్కుడు పోయి ఉంటే ఆ రోలెక్స్‌కూ ఆ ధర వచ్చేది కాదు కదా!

ఇంకో బాధ కూడా ఉంది. ముసలి హెచ్‌ఎంటీల డయల్స్ గీకేసి నీలం, ఎరుపు, నారింజ రంగులు పూసి, ఏవో ముళ్ళు తగిలించి వింటేజ్ పేరుతో విదేశాలకు అమ్మే వ్యాపారం ఏళ్ళుగా నడుస్తోంది. ‘ముంబై స్పెషల్’ అని దానికి ప్రపంచమంతా పేరు. అందుకే ఇండియా నుంచి వచ్చిన వాచీ అనగానే కొనేవాడు ముందు అనుమానంగా చూస్తాడు. మన నకిలీల పాపానికి మన అసలువి శిక్ష అనుభవిస్తున్నాయి.

అలాగని వేరే వాచీలోని భాగం పడితే చాలు, అది వింటేజ్ కాదు, అతుకుల బొంత అనే వాదన కూడా నాకు మింగుడు పడదు. కంపెనీ బతికున్నచోట ఆ పట్టింపు చెల్లుతుంది, ఉత్తరం రాస్తే పార్టు వస్తుంది. తల్లి చనిపోయిన ఇంట్లో అక్క బట్టలు చెల్లెలు కట్టుకోదా? ఒక ఆల్విన్ లోంచి తీసిన చక్రం ఇంకో ఆల్విన్‌లో పడితే దాన్ని నేను కల్తీ అనను. డయల్‌కు రంగు పూయడం మోసం, ఆగిన గుండెను తన జాతి గుండెతోనే నడిపించడం వైద్యం.

సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ వారి గడియారం ముందు జనం ఇప్పటికీ బారులు తీరి కూర్చుంటారు. గంట కొట్టే బొమ్మ బయటికొస్తే పిల్లలు కేరింతలు కొడతారు. నేనూ కొట్టాను. అదే ఊళ్ళో, అదే ఊరి కార్మికులు బిగించిన వాచీకి ఒక అద్దాల అర, పక్కన ఒక ఆల్విన్ ఫ్రిజ్, ఒక పుష్పక్ స్కూటర్, ఒక బీరువా... ఒక్క గది చాలదా? ఇప్పుడైతే ఆ వస్తువులు ఇళ్ళల్లో దొరుకుతాయి, చేసినవాళ్ళల్లో కొందరు చెప్పడానికి ఉన్నారు. మా మామయ్య లేడు. చౌరస్తా బోర్డు మీద ఆ పేరు కనిపించినప్పుడల్లా బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు, ఎవరో తెలిసినవాళ్ళకు ఊపినట్టు.

ప్రభుత్వం సంగతి తర్వాత, ముందు మన బీరువా సొరుగు. నాన్న వాచీ, తాత వాచీ ఉంటే దాన్ని మెరిపించమని ఎవరికీ ఇవ్వకండి. నడిపించమని ఇవ్వండి. డయల్ ముట్టుకోవద్దని, మూత రుద్దొద్దని చీటీ రాసి మరీ ఇవ్వండి. నేను రాయలేదు.

ఆ గ్లౌజుల కుర్రాడి దగ్గర నుంచి వచ్చిన నెలకు నా ఆల్విన్ ఆగిపోయింది. మొజంజాహీ మార్కెట్ దగ్గర మెట్ల కింద బల్ల వేసుకుని కూర్చునే ఒక ముసలి మెకానిక్ దగ్గరికి పట్టుకుపోయాను. అందరూ చాచా అంటారు. తీసుకోగానే మొదట చెవి దగ్గర పెట్టుకున్నాడు. మెల్లగా ఊపాడు. కంటికి అద్దం బిగించుకుని కత్తి మొనతో వెనక మూత లేపాడు. టక్‌మంది.

“ఇటు చూడు సాబ్” అని మూత లోపలి వైపు వెలుతురుకు తిప్పి నాకు అద్దం ఇచ్చాడు. ఇన్నేళ్ళూ నా చేతికే ఉన్నా నేనెప్పుడూ చూడని సంగతి. సూదితో గీసిన సన్నటి గీతలు మూడు వరసలు. 4/89. కింద 11/94. ఇంకా కింద 7/02, దాని పక్కన ఉర్దూలో ఒక అక్షరం. తెరిచిన ప్రతి మెకానిక్కూ తన తేదీ గీసిపోయాడట.

“ఈ తొంభైనాలుగోడు నూనె ఎక్కువ పోసిండు. ఈ రెండువేల రెండోడు మంచిగ కడిగిండు” అన్నాడు చాచా, రోగి పాత చీటీలు చదివే డాక్టరులా. బ్యాలెన్స్ ఇరుసు అరిగిందట. గోలీల డబ్బాలాంటి రేకు పెట్టె తీసి బల్ల మీద బోర్లించాడు. అందులో డయల్స్ లేని, ముళ్ళు లేని చచ్చిన వాచీలు పదో పన్నెండో. చిమటాతో ఒకదాన్ని ఏరాడు. “ఇదీ ఆల్విన్‌దే. సొంత చెల్లె.”

సాయంత్రానికి పోతే నడుస్తోంది. పక్కనున్న గుడ్డ తీసుకుని, “మూత కూడా మెరిపిస్తా సాబ్?” అన్నాడు.

“వద్దు చాచా.”

తల ఎత్తి ఓసారి నా మొహం చూసి, గుడ్డ పక్కన పడేశాడు. సూది తీసుకుని 7/02 కింద ఆ రోజు తేదీ గీశాడు, ఊది ధూళి పోగొట్టి మూత నొక్కాడు.

“మల్ల మూడేండ్లకు తీసుకరా. నేను లేకున్నా ఫికర్ లేదు, లోపల రాసుంది. తెరిచినోనికి తెలుస్తది.”